మీ ప్రశ్నలు, మా జవాబులు: ఆన్‌లైన్ తరగతిలో బిజినెస్, లా పాఠాలు

ఆన్‌లైన్, దూరవిద్య కోర్సుల్లో చదివేవారు, చెప్పేవారు రాసిన ఉత్తరాల్లోంచి కొన్నింటికి ఈసారి జవాబిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేశాం. పేర్లు ప్రచురించడం లేదు.

మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లా చదవాలని కోరిక. "కాలేజీకి రానక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే ఎల్.ఎల్.బి., పరీక్షలకు వస్తే చాలు" అని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. అడ్వాన్సు కట్టమంటున్నారు. కట్టమంటారా?
— ఒక తండ్రి, నంద్యాల

కట్టకండి. మన దేశంలో ఎల్.ఎల్.బి. ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ లేదు. ఆ పద్ధతుల్లో నడపకూడదని యూజీసీ చెప్పిన కోర్సుల జాబితాలో లా ఉంది. బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయవిద్య నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులోనూ కనీసం 70 శాతం హాజరు ఉండాలి. మూట్ కోర్టు (విద్యార్థులు వాదించే నమూనా కోర్టు), ట్యుటోరియల్, ప్రాక్టికల్ తరగతులకూ ఇదే లెక్క. "హాజరు సంగతి మేం చూసుకుంటాం" అనే మాట వినపడితే ఫోన్ పెట్టేయండి. రేపు బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకునేటప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మీ అబ్బాయే, ఆ కన్సల్టెన్సీ కాదు.

ఉద్యోగం మానకుండా న్యాయశాస్త్రం తెలుసుకోవాలంటే దారి లేకపోలేదు. హైదరాబాద్‌లోని నల్సార్ లా విశ్వవిద్యాలయం సైబర్ చట్టాలు, పేటెంట్ల వంటి అంశాల్లో దూరవిద్య పీజీ డిప్లొమాలు నడుపుతోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అవి నిజంగానే పనికొస్తాయి. కాకపోతే డిప్లొమా వేరు, వకాల్తా వేరు. కోర్టులో వాదించాలంటే లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి రెగ్యులర్ కాలేజీలో చేరాల్సిందే.

దీన్ని తిరగేసి అడిగినవారూ ఉన్నారు: రెగ్యులర్ ఎల్.ఎల్.బి. చదువుతూ దూరవిద్యలో ఎంబీఏ చేయవచ్చా అని. లా డిగ్రీతో పాటు ఇంకో కోర్సు చేయరాదని బార్ కౌన్సిల్ ఆరో నిబంధన చెబుతుంది గానీ, విశ్వవిద్యాలయ దూరవిద్యా కేంద్రాలు నడిపే కోర్సులకు అందులోనే మినహాయింపు ఇచ్చింది.

ఏ ఆన్‌లైన్ డిగ్రీలో చేరేముందైనా యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటు చూడండి. విశ్వవిద్యాలయం పేరు ఒక్కటి కనిపిస్తే చాలదు. ఆ కోర్సుకు, మీరు చేరబోయే ఆ విడతకు అనుమతి ఉందో లేదో చూడాలి. నిరుడు అనుమతి ఉండి ఈ ఏడాది లేని కోర్సులు ఉంటాయి. తర్వాత విద్యార్థి తన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (చదువులో వచ్చిన క్రెడిట్లు నమోదయ్యే ఆన్‌లైన్ ఖాతా) ఐడీతో తానే డెబ్ ఐడీ, అంటే ఆ దూరవిద్యా విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి. 2024 సెప్టెంబరు విడత నుంచి అది లేనిదే ప్రవేశం లేదు. "ఓటీపీ చెప్పండి, మేం చేసిపెడతాం" అంటే ఒప్పుకోకండి. ఫీజు విశ్వవిద్యాలయం ఖాతాకే వెళ్ళాలి. ఫ్రాంచైజీ పద్ధతిలో ఈ కోర్సులు నడపడానికి వీల్లేదని యూజీసీ ఒకటికి నాలుగుసార్లు చెప్పింది.

ఆన్‌లైన్ ఎంబీఏ వాళ్ళకు బిజినెస్ లా చెబుతాను. క్లాసు గంటన్నర. అరవై మంది లాగిన్ అవుతారు, అరవై కెమెరాలూ ఆపి ఉంటాయి. ప్రశ్న వేస్తే గోడకు చెప్పినట్టే. చివర్లో "థాంక్యూ మేడమ్" అని మాత్రం బిలబిలమని వస్తాయి. ఏం చేయమంటారు?
— లెక్చరర్, తెనాలి

ముందు కెమెరాలు పెట్టమని బతిమాలడం మానేయండి మేడమ్. కొందరికి డేటా చాలదు, కొందరు ఒకే గదిలో నలుగురితో ఉంటారు, కొందరు బస్సులో ఉంటారు. ముఖం కనిపించినంత మాత్రాన పాఠం ఎక్కినట్టు కాదు. వాళ్ళ చేత ఏదో ఒకటి రాయించండి. ప్రతి క్లాసు చివర ప్రతి విద్యార్థి నుంచి రెండు వాక్యాలు మీ చేతికి రావాలి. హాజరు కూడా దాన్ని బట్టే వేయండి.

కాంట్రాక్టు చట్టంలో 15వ సెక్షన్, అంటే బలవంతం గురించిన పాఠం తీసుకుందాం. ఇంగ్లండు కేసులతో మొదలుపెట్టే అలవాటు చాలామందిది. మనవాళ్ళ కేసే ఉంది: చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ, మద్రాసు హైకోర్టు, 1917. ఒకాయన తన భార్యనూ కొడుకునూ పిలిచి, ఫలానా ఆస్తి మీద హక్కు వదులుకుంటున్నట్టు తన తమ్ముడి పేర రాసివ్వకపోతే ప్రాణం తీసుకుంటానన్నాడు. వాళ్ళు రాసిచ్చారు. ఆ దస్తావేజు చెల్లుతుందా?

క్లాసుకు ముందు రోజు ఈ సంగతిని నూటయాభై మాటల్లో, తీర్పు చెప్పకుండా, గ్రూపులో పెట్టండి. క్లాసు మొదలవగానే సెక్షన్ జోలికి వెళ్ళకుండా పోల్ పెట్టండి: చెల్లుతుందా, చెల్లదా? మొదటి పది నిమిషాలు దీనికే. తర్వాత పదిహేను నిమిషాలు 15వ సెక్షన్ తెర మీద పెట్టి ఒక్కో మాటా చదివించండి. "పీనల్ కోడ్ నిషేధించిన పని" అన్న దగ్గర ఆగండి. అసలు చిక్కు అక్కడే ఉంది.

అప్పుడు నలుగురేసి చొప్పున విడిగదుల్లోకి (బ్రేకౌట్ రూముల్లోకి) పంపండి, ఇరవై నిమిషాలు. నలుగురికి మించితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావారు ఫోన్ చూసుకుంటారు. ఏం చేయాలో నోటితో చెప్పి పంపేస్తే గదిలోకి వెళ్ళగానే "ఏం చేయమన్నారు?" అని అడుగుతారు. కాబట్టి గదికొక గూగుల్ డాక్ ముందే తెరిచి, అందులో మూడు ఖాళీలు పెట్టండి: భార్య తరఫున ఒక వాదం, తమ్ముడి తరఫున ఒక వాదం, సెక్షన్‌లో మీరు పట్టుకున్న మాట. ఫోన్లో ఉన్నవారికి మీటింగూ డాకూ ఒకేసారి నడపడం కష్టం. అందుకని రాసే పని ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఇవ్వాలి. గదిలో ఒక్కరికీ ల్యాప్‌టాప్ లేకపోతే చాట్‌లో రాయమనండి. మీరు ఇక్కడి నుంచే అన్ని డాక్‌లూ చూస్తూ ఉండండి. ఏది ఖాళీగా ఉందో ఆ గదిలోకి మాత్రం వెళ్ళండి.

తిరిగొచ్చాక అన్ని గదుల చేతా చెప్పించకండి. మూడో గది చెప్పేసరికే మిగతావారికి విసుగొస్తుంది. ఎదురెదురు వాదాలున్న రెండు గదులకు తలా పది నిమిషాలు ఇవ్వండి. ఆ తర్వాత ఇంకో పదిహేను నిమిషాల్లో మీరు తీర్పు చెప్పండి. ఆత్మహత్యకు శిక్ష లేకపోయినా అది చట్టం నిషేధించినదే, కాబట్టి ఇది బలవంతమే అన్నారు ఎక్కువమంది జడ్జీలు. జస్టిస్ ఓల్డ్‌ఫీల్డ్ మాత్రం ఒప్పుకోలేదు. సెక్షన్‌ను దాని మాటలకు మించి సాగదీయకూడదన్నారు. మెజారిటీ తర్కానికి అప్పటి పీనల్ కోడ్ 309వ సెక్షన్ ఊతం. ఆత్మహత్యాయత్నానికి అది శిక్ష వేసేది.

ఇక్కడ మంచి ప్రశ్న ఒకటి మీకు ఉత్తినే దొరుకుతుంది. పీనల్ కోడ్ స్థానంలో 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి ఆపడానికో, ఏదైనా చేయించడానికో ఆత్మహత్యాయత్నం చేస్తే శిక్షించే 226 మాత్రమే ఉంది. కాంట్రాక్టు చట్టంలోని "పీనల్ కోడ్" అన్న మాటను జనరల్ క్లాజెస్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం సంహితగా చదువుకుంటే, అమ్మిరాజు తీర్పు ఇంకా నిలుస్తుందా? లేక భార్య తరఫు లాయరు ఈ రోజుల్లో అయితే 16వ సెక్షన్, అంటే అనుచిత ప్రభావం పట్టుకోవాలా? దీనికి పుస్తకంలో ఒకే ముక్కలో జవాబు దొరకదు కాబట్టి, కాపీ కొట్టడానికీ ఏమీ ఉండదు. చివరి పది నిమిషాల్లో మళ్ళీ పోల్ పెట్టి, "నా ఓటు మారింది లేదా మారలేదు, ఎందుకంటే..." అని రెండు వాక్యాలు రాయించుకోండి. క్లాసు మొత్తం విన్నవాడికీ, వినకుండా లాగిన్ అయినవాడికీ తేడా ఆ రెండు వాక్యాల్లో తెలిసిపోతుంది.

ఇంకొకటి. ప్రశ్న వేసి మూడు సెకన్లకే మీరే జవాబు చెప్పేయకండి. మ్యూట్ తీయడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. లేదంటే "అందరూ చాట్‌లో టైప్ చేయండి, నేను చెప్పేదాకా పంపకండి" అనండి. ఒక్కసారిగా అరవై జవాబులు వచ్చి పడతాయి. మొదట పంపినవాడి జవాబు చూసి మిగతావారు రాసే బెడద ఉండదు.

దూరవిద్యలో బీకాం, తెలుగు మీడియం. మా ఊళ్ళో సిగ్నల్ అంతంత మాత్రం. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా వస్తుంది, వీడియో క్లాసు ఒక్కదానితోనే అయిపోతోంది. బిజినెస్ లా పుస్తకాల్లో ఇంగ్లీషు మాటలు తెలుగులో వేరేగా ఉంటున్నాయి.
— విద్యార్థిని, ఉట్నూరు

జూమ్‌లో గ్రూపు వీడియో గంటకు 800 ఎంబీ పైనే తింటుందమ్మా. అందరి వీడియోలూ ఆపేసి, తెర మీద పాఠం, మాట మాత్రం ఉంచుకుంటే వాడకం బాగా తగ్గుతుంది. స్లైడ్లు పీడీఎఫ్‌గా ముందే దింపుకుని, క్లాసులో మాట మాత్రమే వినడం ఇంకా చవక.

ఇక ఇది మీ మాస్టార్లకు. పాఠాన్ని ఆడియోగా కూడా పెట్టండి. 64 కేబీపీఎస్‌లో గంట పాఠం 29 ఎంబీ లోపే. మాటకు 32 కేబీపీఎస్ మోనో సరిపోతుంది, అప్పుడు 14 ఎంబీ చిల్లర. అదే పాఠం మామూలు వీడియోగా వందల ఎంబీ అవుతుంది. గంట పాఠాన్ని ఒకే ఫైలుగా పెట్టకుండా 10-12 నిమిషాల ముక్కలు చేయండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగితే పిల్లలకు ఆ ముక్క ఒక్కటే మళ్ళీ దింపుకుంటే సరిపోతుంది.

మాటల సంగతి: ఆఫర్ అంటే ప్రతిపాదన, యాక్సెప్టెన్స్ అంటే అంగీకారం, కన్సిడరేషన్ అంటే ప్రతిఫలం. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీసుకోండి: ఇంగ్లీషు మాట, మీ పుస్తకంలోని తెలుగు మాట, మీ ఊరి సంగతితో ఒక ఉదాహరణ. పరీక్షలో తెలుగు మాట రాసి, పక్కనే ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాస్తే దిద్దేవారికి అనుమానం ఉండదు. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగులోకి అనువదించి కోర్టు వెబ్‌సైటులో ఉచితంగా పెడుతున్నారు. చట్టాల మూలపాఠం ఇండియా కోడ్‌లో దొరుకుతుంది. గైడ్ల కంటే అవి నమ్మకం.

నూట ఇరవై మంది అసైన్‌మెంట్లు దిద్దుతాను. ఇప్పుడు అన్నీ ఒకే రకం ఇంగ్లీషు, ఒకే వరస. చాట్‌జీపీటీ అని తెలుస్తూనే ఉంది, నిరూపించలేను. కొందరు లేని కేసులు కూడా రాస్తున్నారు.
— గెస్ట్ ఫ్యాకల్టీ, విశాఖపట్నం

నిరూపించే పనిలో పడకండి. అది తెగని తగవు. ఏఐ రాతను పట్టే సాఫ్ట్‌వేర్లను నమ్మి మార్కులు కోస్తే, సొంతంగా శుభ్రంగా రాసిన పిల్ల నష్టపోతుంది. ప్రశ్న మార్చండి.

"చెక్ బౌన్స్ గురించి వ్యాసం రాయండి" అంటే వ్యాసమే వస్తుంది. ఇలా అడిగి చూడండి: చెక్కు మీద తేదీ 2025 మార్చి 3. బ్యాంకులో వేసింది మే 20. ఖాతాలో డబ్బు లేదన్న మెమో చేతికందింది మే 23. లాయరు నోటీసు పోస్టులో వేసింది జూన్ 18. అవతలివారికి అందింది జూన్ 21. వాళ్ళు పైసా కట్టలేదు. ఫిర్యాదు ఏ తేదీలోగా వేయాలి? ఒక్కో మెట్టుకూ సెక్షన్ చూపండి.

లెక్క ఇదీ. చెక్కు మూడు నెలల్లోపు బ్యాంకుకు వెళ్ళింది, సరే. మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, పంపారు. నోటీసు అందిన రోజు వదిలేసి 15 రోజులు లెక్కేస్తే జులై 6. ఆ రోజు దాటాక, అంటే జులై 7న దావా హక్కు పుడుతుంది. అక్కడి నుంచి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 142వ సెక్షన్ ప్రకారం ఒక నెల. హక్కు పుట్టిన రోజును లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు సాకేత్ ఇండియా కేసులో 1999లో చెప్పింది. కాబట్టి ఆఖరి తేదీ ఆగస్టు 7. ఆ రోజు కోర్టుకు సెలవైతే మళ్ళీ కోర్టు తెరిచిన రోజు.

తప్పులు మూడు చోట్ల వస్తాయి. నోటీసు అందిన రోజుకు బదులు పోస్టులో వేసిన రోజు నుంచి 15 లెక్కేసినవారు ఆగస్టు 4 అంటారు. నెలంటే 30 రోజులనుకున్నవారు ఆగస్టు 6 అంటారు. నెల లెక్క జులై 6 నుంచే మొదలుపెట్టినవారికీ ఆగస్టు 6 వస్తుంది. జవాబు తేదీ చూస్తేనే చాలావరకు ఎక్కడ జారారో తెలిసిపోతుంది, దిద్దడం నిమిషం పని. ఆగస్టు 6 వచ్చినవారి మెట్లు మాత్రం చదవాలి.

అందరికీ ఒకే తేదీలు ఇవ్వకండి. జూన్ 20కి రోల్ నంబరు చివరి అంకె కలిపి, అదే నోటీసు అందిన తేదీ అనండి. పది జవాబులవుతాయి. సరైన జవాబుల పట్టిక తయారుచేయడానికి ఎక్సెల్‌లో నోటీసు అందిన తేదీకి 16 కలిపి, దాన్ని ఈడేట్ ఫంక్షన్‌తో ఒక నెల ముందుకు జరపండి. చాలు.

పది మార్కులైతే తేదీలకు మూడు, సెక్షన్లకు రెండు, ఎందుకో చెప్పినందుకు నాలుగు, రాతకు ఒకటి. ఇంగ్లీషు సోకుకు మార్కు ఒక్కటే అని ముందే తెలిస్తే ఏఐ చేత రాయించుకునే ఆశ సగం చస్తుంది. దిద్దాక అయిదో వంతు మందిని, అంటే 24 మందిని, చీటీ తీసి అయిదేసి నిమిషాలు ఫోన్‌లోనే మౌఖికంగా అడగండి. "నోటీసు నాలుగు రోజులు ఆలస్యంగా అంది ఉంటే?" లాంటి ఒక్క ప్రశ్న చాలు. మొత్తం రెండు గంటల పని. ఎవరి పేరు వస్తుందో తెలియదు కాబట్టి అందరూ చదివి వస్తారు.

లేని కేసుల విషయంలో నియమం కఠినంగానే పెట్టండి. 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ అవియాంకా దావాలో చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పులు దాఖలు చేసిన లాయర్లకు కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఈ సంగతి మొదటి క్లాసులోనే చెప్పండి. ప్రతి కేసుకూ తీర్పులు దొరికే ఈ-ఎస్‌సీఆర్ లేదా ఇండియన్ కానూన్ వెబ్‌సైటులో తెరిచి చూసిన పేరా నంబరు రాయాలి. పేరా నంబరు లేని కేసుకు సున్నా. దొంగతనమన్న మాటే ఎత్తనక్కర్లేదు.

అలాగే పాత నోట్సు నుంచి దిగుమతయ్యే సెక్షన్ల మీద ఓ కన్నేయండి. మోసానికి ఇంకా 420 అనే రాస్తున్నారు. 2024 జులై 1 తర్వాత జరిగిన నేరానికి అది న్యాయ సంహిత 318వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్. హత్యకు 302 కాదు, 103. ముందస్తు బెయిలుకు సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 438 పోయి నాగరిక్ సురక్షా సంహితలో 482 వచ్చింది. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టు సహజాధికారాలు, అది ఇప్పుడు 528. అందుకే ఈ ఒక్క అంకె దగ్గర ఎక్కువమంది బోల్తా పడుతున్నారు. నేరం జరిగిన తేదీ 2024 జులై 1కి ముందైతే శిక్షకు పాత పీనల్ కోడే వర్తిస్తుందని కూడా చెప్పాలి.

కువైట్‌లో ఉద్యోగం. మన విశ్వవిద్యాలయం ఒకదానిలో ఆన్‌లైన్ ఎంబీఏలో చేరాను. వారానికి ఎన్ని గంటలు పెట్టుకోవాలి? క్లాసులు వినకుండా పరీక్షలు రాసేస్తే?
— కువైట్ నుంచి

ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువు అన్నది లెక్క. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టుకు 120 గంటలు, 16 వారాల సెమిస్టరులో వారానికి ఏడున్నర. సెమిస్టరుకు అయిదు సబ్జెక్టులుంటే కాగితం మీద అది రెండో ఉద్యోగమే. కాబట్టి మొదటి సెమిస్టరులో అదనంగా ఏమీ నెత్తికెత్తుకోకండి. మార్కుల్లో 30 శాతం దాకా సెమిస్టరు మధ్యలో చేసే పనులకు, కనీసం 70 శాతం చివరి పరీక్షకు. ఆన్‌లైన్ కోర్సు కార్యకలాపాల్లో 75 శాతం పాల్గొంటేనే ఆ పరీక్షకు అర్హత. కాబట్టి "రాసేస్తే" అన్నది కుదరదు. ఇక్కడ రాత్రి ఏడున్నర క్లాసు మీకు సాయంత్రం అయిదుకు పడుతుంది, డ్యూటీలో ఉంటారు. రికార్డింగు చూసి, దాని కింది క్విజ్ చేస్తే పాల్గొన్నట్టు లెక్కిస్తారా అని చేరిన వారంలోనే మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

ఫైనాన్స్ లెక్కలు ఆన్‌లైన్‌లో చెబుతుంటే చూస్తారు, తలూపుతారు. చేయమంటే రాదు. ఒకడు చేసి గ్రూపులో పెడితే అందరూ ఎక్కించేస్తారు.
— కామర్స్ అధ్యాపకుడు, కరీంనగర్

ఆన్‌లైన్ పాఠాలు, పరీక్షలు నడిపే మూడుల్ (Moodle) సాఫ్ట్‌వేర్‌లో క్యాలిక్యులేటెడ్ అనే ప్రశ్న రకం ఉంది సార్. అంకెల చోట గుర్తులు పెడితే ఒక్కో విద్యార్థికి వేరే అంకెలు ఇస్తుంది. ఇడ్లీ పిండి ప్యాకెట్ల వ్యాపారం అనుకోండి. నెల స్థిర ఖర్చు 42,000. ప్యాకెట్ అమ్మకం ధర 60, దానికయ్యే ఖర్చు 36. ప్యాకెట్‌కు మిగిలేది 24, కాబట్టి 1,750 ప్యాకెట్ల దగ్గర లాభనష్టాలు సమం. ఈ మూడు అంకెలనూ మార్చుతూ యాభై జతలు తయారుచేయమంటే అదే చేస్తుంది. ఒక్క జాగ్రత్త. టాలరెన్స్‌ను ఉన్నదున్నట్టు వదిలేస్తే జవాబులో ఒక శాతం తేడా దాకా ఒప్పుకుంటుంది. 1,750కి అది 17 ప్యాకెట్లు, తప్పు చేసినవాడికీ మార్కులు పడిపోతాయి. దాన్ని నామినల్ అని, అంటే శాతంగా కాక అంకెగా, మార్చి 1 పెట్టండి.

ఎక్సెల్‌లో ఎన్‌పీవీ (రాబోయే డబ్బును ఈనాటి విలువకు మార్చి, పెట్టుబడి తీసేస్తే మిగిలేది) చెప్పేటప్పుడు తప్పు ఎక్కడ జరుగుతుందో చూపకపోతే వాళ్ళకు ఎన్నటికీ తెలియదు. లక్ష పెట్టుబడి, మూడేళ్ళు ఏటా 40,000 రాబడి, 10 శాతం రేటు. సరైన జవాబు మైనస్ 526. పెట్టుబడిని కూడా ఎన్‌పీవీ ఫంక్షన్ లోపలే ఇచ్చేసినవాడికి మైనస్ 478 వస్తుంది. ఆ ఫంక్షన్ తనకిచ్చిన మొదటి అంకెను ఏడాది తర్వాతిదిగా లెక్కేస్తుంది, అందుకని అన్నీ ఒక ఏడాది వెనక్కి జరుగుతాయి. రెండూ మైనస్సే కాబట్టి "ప్రాజెక్టు వద్దు" అన్న నిర్ణయం మారదు, తప్పు కంటపడదు. పెట్టుబడిని ఫంక్షన్ బయట కలపాలి. తరగతిలో ముందు తప్పు షీటే ఇచ్చి, 48 రూపాయలు ఎక్కడ పోయాయో వెతకమనండి. చేసి చూపిన దానికంటే ఇది ఎక్కువ నిలుస్తుంది.

విద్యార్థి సహాయ కేంద్రంలో పనిచేస్తాను. చేరినవాళ్ళలో చాలామంది రెండు నెలలకల్లా కనిపించరు. ఫోన్ చేస్తే "చూస్తాం సార్" అంటారు.
— కర్నూలు

రెండు నెలలు ఆగాక ఫోన్ చేస్తే అప్పటికే మనసులో మానేసి ఉంటారు. మొదటి వారంలోనే పదిహేను నిమిషాల్లో అయ్యే పని ఒకటి ఇప్పించండి. లాగిన్ అయి, ఒక పీడీఎఫ్ దింపుకుని, మూడు ప్రశ్నలకు జవాబు పంపడం. అది పంపనివాళ్ళే మీ మొదటి జాబితా. తర్వాత పది రోజులు లాగిన్ కానివాళ్ళు రెండో జాబితా. అందరికీ గుంపుగా ఎస్సెమ్మెస్ పంపితే ఎవరూ చదవరు. ఈ రెండు జాబితాలకే మనిషి చేత ఫోన్ చేయించండి.

"ఎందుకు రావడం లేదు?" అని అడగకండి, అది మందలింపులా వినబడుతుంది. "అమ్మా, యూనిట్ వన్ తెరుచుకుందా? తెరుచుకోకపోతే ఇప్పుడే లైన్లో ఉండగా చూద్దాం" అనండి. సగం కాల్స్ పాస్‌వర్డు దగ్గరే తేలిపోతాయి. మిగిలినవాళ్ళలో ఎవరికి షిఫ్టు మారింది, ఎవరింట్లో చంటిబిడ్డ ఉంది, ఎవరికి ఫీజు ఇబ్బంది అన్నది ఒక షీటులో రాసుకోండి. రాత్రి షిఫ్టు వాళ్ళకు ఉదయం పదకొండు ముందు ఫోన్ చేసి లాభం లేదు. ఫోన్ చివర "ఆదివారంలోగా క్విజ్ ఒక్కటి చేయండి, సోమవారం నేను చూస్తాను" అని ఒక్క పని, ఒక్క గడువు చెప్పండి. సోమవారం నిజంగా చూడండి.

అకౌంటెన్సీ రాని ఎంబీఏ విద్యార్థుల సంగతి వేరు. ఇంజనీరింగు నుంచి వచ్చినవాళ్ళు మూడో వారంలో జర్నల్ ఎంట్రీల దగ్గర జారతారు. వాళ్ళకు కౌన్సెలింగ్ కాదు కావలసింది. డెబిట్, క్రెడిట్ మీద రెండు గంటల బ్రిడ్జి క్లాసు పెట్టించండి, అదీ రెండో వారంలోనే.

వాట్సాప్ గ్రూపు ఉంటే అందులో అడ్మిన్లు మాత్రమే రాసేలా ఒకటి, సందేహాలకు ఇంకొకటి విడిగా పెట్టండి. గుడ్ మార్నింగుల కింద పరీక్ష ఫీజు గడువు కనబడక సెమిస్టరు పోగొట్టుకునేవారు ఏటా ఉంటారు.

మాది రెగ్యులర్ లా కాలేజీ. వేసవిలో మూట్ కోర్టు ప్రాక్టీసు ఆన్‌లైన్‌లో పెట్టాలనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు?
— వరంగల్

ప్రాక్టీసుకు బాగుంటుంది. నిబంధనల ప్రకారం మార్కులు వేసే మూట్‌కు మాత్రం కాలేజీలోనే నిలబెట్టండి. పక్షానికి ఇద్దరు, ఒక్కొక్కరికి పది నిమిషాలు, జడ్జీగా కూర్చునేవారు కనీసం మూడుసార్లు మధ్యలో అడ్డుకోవాలి. ఆన్‌లైన్‌లో పిల్లలు చూసి చదివేస్తారు. కళ్ళు పక్కకు కదలగానే ప్రశ్న వేయండి. టైమర్ తెర మీద అందరికీ కనబడాలి. మెమోరియల్‌ను (రాసిచ్చే వాదనను) పీడీఎఫ్‌గా, పేజీ నంబర్లతో ముందు రోజే పంపాలి. "మైలార్డ్, మా మెమోరియల్ ఏడో పేజీ, మూడో పేరా" అనడం అలవాటు కావాలి. స్క్రీన్ షేరు చేసి చూపనివ్వకండి. లైను తెగితే రెండు నిమిషాలు ఆగి, జతలో రెండోవారిని అక్కడి నుంచే కొనసాగించమనండి. ఇద్దరూ మొత్తం వాదన చదివి వచ్చారా లేదా అన్నది అప్పుడు బయటపడుతుంది. ముందుగా సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణల రికార్డింగు ఒక అరగంట చూపించండి. 2022 సెప్టెంబరు 27 నుంచి అవి ప్రత్యక్ష ప్రసారమవుతున్నాయి. సీనియర్ లాయర్లు జడ్జీ నోరు తెరవగానే వాక్యం మధ్యలోనైనా ఎలా ఆగిపోతారో గమనించమనండి.